పినాక రాకెట్ వాహనం: వాట్సాప్‌లో వచ్చేదెంత, వాస్తవమెంత

2025 మే నెలలో సరిహద్దుల్లో ఉద్రిక్తంగా ఉన్న రోజులవి. సోలాపూర్‌లోని మా సంఘం పఠనాలయానికి ఒక సాయంత్రం ఒక తల్లి వచ్చారు. ఆమె కొడుకు సైన్యంలో, పినాక రెజిమెంటులో ఉన్నాడు. ఫోను మా చేతికిచ్చి, "అన్నా, వాట్సాప్‌ల ఇదేదో వచ్చింది. మా పోరడు ఉండేది గీ బండి మీదనే అంటున్నరు. ఆనికేం గాదు గదా?" అని అడిగారు.

ఫోనులో ఒక చిన్న వీడియో ఉంది. చీకట్లో వరసగా నిప్పులు ఎగురుతున్నాయి. కింద తెలుగులో "మన పినాక ఒక్క దెబ్బతో నగరాన్ని బూడిద చేసింది" అని రాసి ఉంది. ఆ వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అయినా మా వీధిలో వంద ఫోన్లకు చేరింది.

ఆమెకు ఆ రోజు మేము చెప్పగలిగింది కొంచెమే. తర్వాత కూర్చుని, బహిరంగంగా ప్రకటించిన సమాచారం ఒకచోటికి చేర్చాం. ఇటువంటి ప్రశ్న మా ఊళ్ళోనే కాదు, బళ్ళారిలోనూ హోసూరులోనూ బరంపురంలోనూ మన ఇళ్ళల్లో వచ్చే ఉంటుంది. అందుకే ఈ వ్యాసం. రహస్యమైనది ఇందులో ఏదీ లేదు.

ముందుగా ముఖ్య వివరాలు

- ఏమిటి: చక్రాల వాహనం మీద అమర్చిన, వరసగా అనేక రాకెట్లు వదిలే ఆయుధం. ఇంగ్లీషులో మల్టీ బ్యారెల్ రాకెట్ లాంచర్ అంటారు. మన పత్రికల్లోనూ ఆ మాటే వాడుకలో ఉంది.
- ఎవరిది: భారత సైన్యంలోని ఫిరంగి దళానిది.
- రూపకల్పన: డి.ఆర్.డి.ఓ.కు చెందిన పుణె ప్రయోగశాల ఎ.ఆర్.డి.ఇ.
- గొట్టాలు: ఒక వాహనానికి 12. ఆరేసి చొప్పున రెండు పెట్టెలు.
- రాకెట్ వ్యాసం: 214 మిల్లీమీటర్లు. పొడవు దాదాపు 5 మీటర్లు. బరువు సుమారు 276 కిలోలు. అందులో పేలుడు భాగం సుమారు 100 కిలోలు.
- దూరం: మొదటి రకానికి దాదాపు 38 కిలోమీటర్లు. తర్వాతి రకాలకు ఇంకా ఎక్కువ.
- వేగం: 12 రాకెట్లూ 44 సెకన్లలో వెళ్ళిపోతాయి.

పేరు సంగతి

పినాకం శివుడి విల్లు. ఆ విల్లు పట్టినవాడు కాబట్టి ఆయన పినాకి, పినాకపాణి. ఆయుధానికి ఈ పేరు ఆ విల్లు మీదుగానే వచ్చింది.

పెన్నా నది పేరు పెట్టారని మా సంఘంలోనే ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. ఆయన తప్పేమీ లేదు. పెన్నకు పినాకిని అని పేరు. నంది కొండల ప్రాంతంలో పుట్టి అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా సముద్రంలో కలిసేది ఉత్తర పినాకిని. అక్కడే పుట్టి హోసూరు, కృష్ణగిరి వైపు తమిళనాడులోకి వెళ్ళేది దక్షిణ పినాకిని. విజయవాడ నుంచి మద్రాసు వెళ్ళే రైలుకూ పినాకిని అనే పేరు. నదికీ, రైలుకీ, ఆయుధానికీ మాట ఒక్కటే. కానీ ఆయుధానికి నదితో సంబంధం లేదు.

ఫిరంగికీ రాకెట్‌కీ తేడా

ఫిరంగిలో మందు గొట్టంలోనే పేలుతుంది. ఆ ఒత్తిడి గుండును బయటికి తోస్తుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవాలంటే గొట్టం మందంగా, బరువుగా ఉండాలి. కాల్చిన ప్రతిసారీ ఫిరంగి వెనక్కి తంతుంది. కాబట్టి ఒక బండి మీద ఒకే గొట్టం పడుతుంది.

రాకెట్ తన ఇంధనాన్ని తనతోనే మోసుకెళ్తుంది. మన దీపావళి తారాజువ్వకు సీసా చాలినట్లే దీనికి దారి చూపే గొట్టం ఉంటే చాలు. మందపాటి ఉక్కు అక్కర్లేదు. అందుకే ఒక లారీ మీద పన్నెండు గొట్టాలు పెట్టవచ్చు, ఒక ఫిరంగి కన్నా తక్కువ సమయంలో ఎక్కువ మందుగుండు పంపవచ్చు.

ఇందులో ఒక లోపమూ ఉంది. రాకెట్ గొట్టం వదిలే క్షణంలో దాని వేగం తక్కువ. అప్పుడు గాలి ఒక పక్కకు తోస్తే ఆ చిన్న వంకర ముప్పై కిలోమీటర్లు వెళ్ళేసరికి చాలా పెద్దదవుతుంది. తోకకు రెక్కలున్నా, తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్ళినా, మార్గదర్శకం లేని రాకెట్ అనుకున్న బిందువు మీదే పడుతుందన్న హామీ లేదు.

కాబట్టి మొదటి తరం పినాకను ఒక ఇంటినో ఒక బండినో కొట్టడానికి తయారు చేయలేదు. శత్రువు దళాలు, ఫిరంగులు, మందుగుండు నిల్వలు ఉన్న ఒక ప్రదేశం మొత్తాన్ని కమ్మేయడానికి తయారు చేశారు. ఆరు వాహనాల బ్యాటరీ ఒకటి దాదాపు 1,000 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు ఉన్న చోటును దెబ్బతీయగలదని చెబుతారు. మా సోలాపూర్ లెక్కలో అది ఒక పెద్ద పేట. భయపడవలసినంత పెద్ద ప్రదేశమే గాని, వాట్సాప్‌లో చెప్పిన నగరం మాత్రం కాదు.

ఒక్క బండి కాదు, ఒక బిడారు

ఫోటోల్లో మనకు కనిపించేది ఎనిమిది చక్రాల లారీ ఒక్కటే. అది టాట్రా రకం వాహనం. చెకొస్లోవేకియా రూపకల్పనను మన దేశంలో బి.ఇ.ఎం.ఎల్. సంస్థ తయారు చేసింది. ఎనిమిది చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కాబట్టి ఇసుకలోనూ కొండదారిలోనూ పోగలదు. కాల్చే ముందు నాలుగు మూలలా హైడ్రాలిక్ కాళ్ళు నేలమీదికి దిగుతాయి. లేకపోతే ప్రతి రాకెట్ దెబ్బకూ బండి ఊగి తర్వాతి రాకెట్ గురి తప్పుతుంది.

అసలు బ్యాటరీలో ఆ లారీలు ఆరు. వాటితోపాటు క్రేన్లున్న నింపుడు వాహనాలు ఆరు, అదనంగా రాకెట్లు మోసేవి మూడు, లెక్కలు వేసే కమాండ్ పోస్టు వాహనాలు రెండు ఉంటాయి. ఇంకా గాలిని కొలిచే వాతావరణ రాడారు ఒకటి. ఇటువంటి బ్యాటరీలు మూడు కలిస్తే ఒక రెజిమెంటు.

వాతావరణ రాడారు ఎందుకని మా పిల్లలు అడిగారు. రాకెట్ ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తుకు లేచి దిగుతుంది. కింద గాలి ఒక వైపు వీస్తుంటే పైన ఇంకో వైపు వీస్తుంది. ఆ పొరల్లో గాలి వేగమెంతో, చలి ఎంతో తెలియకుండా గొట్టాన్ని ఎంత ఎత్తాలో, ఎటు తిప్పాలో చెప్పడం కుదరదు. కమాండ్ పోస్టులోని కంప్యూటర్ ఆ లెక్క కట్టి ఒక్కొక్క లారీకి అంకెలు పంపుతుంది. లారీలోని సిబ్బంది క్యాబిన్‌లోనే ఉండి గొట్టాలను తిప్పగలరు. లారీ దిగి దూరం నుంచీ కాల్చగలరు. యంత్రాలు మొరాయిస్తే చేత్తో తిప్పే ఏర్పాటూ ఉంది.

పన్నెండు రాకెట్లు 44 సెకన్లలో అంటే సుమారు నాలుగు సెకన్లకు ఒకటి. ఆరు లారీలూ కలిసి కాల్చితే 72 రాకెట్లు. తలకొక 100 కిలోల చొప్పున మొత్తం 7,200 కిలోల పేలుడు భాగం ముక్కాలు నిమిషంలో బయలుదేరుతుంది. ఖాళీ అయిన గొట్టాల్లో ఒక్కొక్క రాకెట్ దూర్చుతూ కూర్చోరు. ఆరు గొట్టాల పెట్టెను పెట్టెగానే క్రేన్‌తో దించి, నిండు పెట్టెను ఎక్కిస్తారు.

కాల్చు, కదులు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. పినాక సిబ్బంది ముందు వరసలో ఉంటారా?

కందకాల్లో శత్రువుకు ఎదురుగా ఉండే దళం కాదిది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు కొట్టగల ఆయుధాన్ని సరిహద్దు గీత మీద నిలబెట్టవలసిన అవసరం లేదు. ఆ మాట ఆమెకు ధైర్యంగానే చెప్పాం.

కానీ వెనక ఉన్నంత మాత్రాన అపాయం లేదనీ కాదు. ఎగురుతున్న రాకెట్‌ను చూసి, అది ఎక్కడ నుంచి బయలుదేరిందో లెక్క కట్టే రాడార్లు ఈ రోజుల్లో ఉన్నాయి. మన సైన్యంలో అటువంటి దాని పేరు స్వాతి. పన్నెండు రాకెట్లు ఎగిరితే పొగ, మంట, దుమ్ము ఎంతో దూరానికి కనిపిస్తాయి. చిరునామా మనమే చెప్పినట్లవుతుంది. ఆ చిరునామాకు ఎదురు గుండ్లు వచ్చేలోగా లారీ అక్కడ ఉండకూడదు.

చక్రాల బండిని ఎంచుకోవడానికి కారణం ఇదే. కాళ్ళు దించడం, కాల్చడం, కాళ్ళు ఎత్తడం, బయలుదేరడం అన్నీ నిమిషాల్లో జరిగిపోవాలి. పట్టాల బండి బురదలో మేలు గాని రోడ్డు మీద వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. చక్రాల లారీ రోడ్డెక్కితే పరుగు తీస్తుంది, సులువుగా మరమ్మతు అవుతుంది.

ఈ పనంతా మనుషుల మీద ఆధారపడినది. సిబ్బంది కుర్రవాళ్ళు ఒక్కొక్క కదలికను వందల సార్లు సాధన చేస్తారు. ఫిరంగి దళం శిక్షణ కేంద్రాలు రెండు. ఒకటి నాసిక్ రోడ్‌లో, ఇంకోటి హైదరాబాద్ గోల్కొండలో. అధికారులకు నేర్పే పాఠశాల నాసిక్ దగ్గర దేవ్లాలీలో ఉంది. "మీవాడి రక్షణ అదృష్టం మీద కాదమ్మా, ఆ సాధన మీద ఉంది" అని ఆమెకు చెప్పాం.

ఇది కొత్త ఊహ కాదు

యుద్ధంలో రాకెట్ల వాడకం మన దక్షిణాదికి పాత సంగతే. మైసూరు సైన్యం హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల కాలంలో ఇనుప గొట్టంలో మందు కూరి, వెదురు కర్రకో కత్తికో కట్టి వదిలేది. అంతకుముందు వాడిన కాగితపు, వెదురు గొట్టాలకన్నా ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది కాబట్టి రాకెట్ ఎక్కువ దూరం పోయేది. 1780 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొళ్ళిలూరులో బెయిలీ నాయకత్వంలోని ఇంగ్లీషు దళం ఓడిపోయిన యుద్ధంలో ఈ రాకెట్లు ప్రయోగించారు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడమీద ఆ యుద్ధ చిత్రం ఇప్పటికీ చూడవచ్చు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండుకు చేరాయి. వాటిని చూసే విలియం కాంగ్రీవ్ అక్కడ తన రాకెట్లు తయారు చేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావిలో పూడిక తీస్తుంటే ఆ కాలపు రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి.

లారీ మీద రాకెట్లు పెట్టే పద్ధతి సోవియట్ యూనియన్‌ది. 1941 జులై 14న ఒర్షా రైల్వే స్టేషన్ మీద జర్మన్లకు వ్యతిరేకంగా తొలిసారి ప్రయోగించారు. సైనికులు దాన్ని ముద్దుగా కత్యూషా అన్నారు. దాని వారసుడు 1960ల నాటి గ్రాడ్: 122 మిల్లీమీటర్ల గొట్టాలు నలభై, దూరం సుమారు 20 కిలోమీటర్లు. మన సైన్యం చాలా ఏళ్ళు దీనితోనే పని నడిపింది.

పుట్టుక, కార్గిల్

గ్రాడ్‌కన్నా ఎక్కువ దూరం వెళ్ళే, స్వదేశంలోనే తయారయ్యే ఆయుధం కావాలని సైన్యం కోరింది. 1986లో పనికి అనుమతి వచ్చింది. ఆలస్యాలు తక్కువేమీ కాలేదు. ఇంజను మందు, గొట్టాలు, గురిపెట్టే ఏర్పాటు, కంప్యూటర్ అన్నీ కొత్తగా నేర్చుకుంటూ చేసుకోవలసి వచ్చింది. ఒక దశాబ్దం పైన పట్టింది.

సైన్యంలో పూర్తిగా చేరకముందే 1999లో కార్గిల్ వచ్చింది. కొండ శిఖరాల మీద శత్రువు కట్టుకున్న స్థావరాల మీద పినాకను తొలిసారి యుద్ధంలో వాడారు. ఫలితం చూశాక అనుమానాలు తీరాయి. మొదటి పినాక రెజిమెంటు 2000 ఫిబ్రవరిలో ఏర్పడింది.

2020 ఆగస్టులో మరో ఆరు రెజిమెంట్ల కోసం రక్షణ శాఖ సుమారు 2,580 కోట్ల రూపాయల ఒప్పందాలు చేసుకుంది. 114 ప్రయోగ వాహనాల పైభాగం, 45 కమాండ్ పోస్టులు టాటా పవర్, ఎల్ అండ్ టి సంస్థలకు, 330 వాహనాలు బి.ఇ.ఎం.ఎల్.కు అప్పగించారు.

రాకెట్లు మారుతున్నాయి, బండి అదే

గమనించవలసిన విషయం ఇది. పినాకలో లారీ, గొట్టాల ఏర్పాటు దాదాపు అలాగే ఉంచి రాకెట్‌ను మెరుగు చేస్తూ వచ్చారు. మొదటిది 38 కిలోమీటర్లు. మెరుగుపరచినది 45 కిలోమీటర్ల దాకా. రెండో తరం 60 కిలోమీటర్లు. ఆ తర్వాత వచ్చినదే అసలు మలుపు: రాకెట్ ముక్కు దగ్గర చిన్న రెక్కలు, తన స్థానం తానే తెలుసుకునే పరికరాలు అమర్చి దారిలోనే దిద్దుకునేలా చేశారు. దీన్ని గైడెడ్ పినాక అంటారు. దూరం 75 కిలోమీటర్లు. 2017 జనవరిలో ఒడిశాలోని చాందీపూర్‌లో దీని పరీక్షలు జరిగాయి. 2024 నవంబరులో ఉత్పత్తి సంస్థల రాకెట్లను పన్నెండేసి చొప్పున వదిలి సైన్యం కోరిన లక్షణాలు సరిచూశారు. 2025 డిసెంబరు 29న 120 కిలోమీటర్ల రాకెట్‌ను చాందీపూర్‌లో తొలిసారి పరీక్షించారు.

పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న: పినాక రాకెట్టా, క్షిపణా? దారిలో తన గమనాన్ని తాను దిద్దుకునే దాన్ని క్షిపణి అంటారు. ఆ లెక్కన పాత పినాక రాకెట్. కొత్తది దాదాపు క్షిపణి కిందికే వస్తుంది. అయినా వాడుకలో రెండూ రాకెట్లే.

2022లో ఆర్మీనియా దేశం పినాకకు ఆర్డరు ఇచ్చిన వార్త వచ్చింది. విదేశాల నుంచి ఫిరంగులు కొనుక్కున్న మన దేశం ఇటువంటి ఆయుధాన్ని అమ్మే స్థితికి రావడం చిన్న విషయం కాదు.

మన ఇళ్ళకు దగ్గరలోనే

ఈ వివరాలు చేరుస్తుంటే మాకే ఆశ్చర్యం కలిగింది. ఈ ఆయుధం తయారయ్యేది ఎక్కడో కాదు, మన వాళ్ళు తరతరాలుగా ఉంటున్న రాష్ట్రాల్లోనే.

మహారాష్ట్రలో రూపకల్పన చేసిన ఎ.ఆర్.డి.ఇ., రాకెట్ ఇంధనం మీద పనిచేసే హెచ్.ఇ.ఎం.ఆర్.ఎల్. రెండూ పుణెలో ఉన్నాయి. ఎల్ అండ్ టి ప్రయోగ వాహనాలు పుణె పక్కన తళేగావ్‌లో తయారవుతాయి. పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరులో ఏడు సంస్థలుగా విడగొట్టాక ఏర్పడిన మునిషన్స్ ఇండియా ప్రధాన కార్యాలయం కూడా పుణెలోనే. రాకెట్ల లోహభాగాలు నాగపూర్ అంబాఝరి ఫ్యాక్టరీలో తయారవుతాయి. రాకెట్లు తయారు చేసే ప్రైవేటు సంస్థ ఎకనామిక్ ఎక్స్‌ప్లోజివ్స్ కూడా నాగపూర్‌దే.

కర్ణాటకలో బి.ఇ.ఎం.ఎల్. ప్రధాన కార్యాలయం బెంగుళూరు. ఆ సంస్థకు కోలారు బంగారు గనుల ఊళ్ళోనూ కర్మాగారాలున్నాయి, అక్కడ పనిచేసి పింఛను తీసుకుంటున్న తెలుగువాళ్ళు మనకు తెలుసు. అయితే టాట్రా లారీల కర్మాగారం కేరళలోని పాలక్కాడ్‌లో ఉంది. హైదరాబాద్‌లోని ఆర్.సి.ఐ., డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాలలు గైడెడ్ పినాకకు మార్గదర్శక పరికరాల విషయంలో తోడ్పడ్డాయి.

ఒడిశాలో బాలేశ్వర్ జిల్లా చాందీపూర్ పరీక్షా స్థలం. అక్కడ ఆటు సమయంలో సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. నీళ్ళు తగ్గాక ఇసుకలో పడిన గుండ్లను వెతికి తెచ్చుకోవచ్చు. 19వ శతాబ్దం చివర బ్రిటిషువాళ్ళు అక్కడ గుండ్ల పరీక్షా కేంద్రం పెట్టడానికి ఆ తీరం తీరే కారణం. క్షిపణుల పరీక్ష రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కొన్ని గంటల పాటు ఇళ్ళు ఖాళీ చేయించి పరిహారం ఇస్తారు. జాలరులు ఆ రోజు వేటకు పోకూడదు. దేశానికి అది విజయవార్త. ఆ ఊళ్ళకు అది పిల్లల్ని, పశువుల్ని వెంటబెట్టుకుని బయట కూర్చున్న పూట. వార్త చదివేటప్పుడు వాళ్ళనూ తలుచుకోవాలి.

దాచకూడని మాట

ఆయుధం గురించి రాసేటప్పుడు పొగడ్త ఒక్కటే రాస్తే అది సగం సమాచారమే. 2025 ఫిబ్రవరిలో రక్షణ శాఖ పినాక మందుగుండు కోసం సుమారు 10,147 కోట్ల రూపాయల ఒప్పందాలు చేసుకుంది. అందులో పేలుడు శకలాల రాకెట్లతోపాటు, ఒక్కో రాకెట్ నుంచి అనేక చిన్న బాంబులు వెదజల్లే రకమూ ఉంది. శత్రువు దండు కదలకుండా ఆపడానికి ఇవి పనికొస్తాయని సైన్యం లెక్క.

కాని ఇటువంటి చిన్న బాంబులు కొన్ని పేలకుండా నేలలో మిగిలిపోతాయి. యుద్ధం అయిపోయాక దున్నే రైతుకో ఆడుకునే పిల్లవాడికో తగులుతాయి. వీటిని నిషేధిస్తూ 2008లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2010లో అమల్లోకి వచ్చింది. భారత్, పాకిస్తాన్, చైనా, అమెరికా, రష్యా అందులో చేరలేదు. మన దేశపు అవసరం వేరు, పొలంలో మిగిలిన బాంబు సంగతి వేరు. రెండూ తెలిసి ఉండడం పౌరుడి బాధ్యత అని మా అభిప్రాయం. ఇది తెలిసినవాడు రాకెట్ వీడియో కింద చప్పట్ల బొమ్మలు పెట్టేముందు ఒక క్షణం ఆగుతాడు.

ఫోటో చూసి గుర్తుపట్టడం

ఫోనుకు వచ్చిన బొమ్మ పినాకదో కాదో కొంతవరకు మనమే చూసుకోవచ్చు.

- ఎనిమిది చక్రాలు, వెనక పక్కపక్కన రెండు పెట్టెలు, ఒక్కోదానిలో ఆరు గుండ్రటి నోళ్ళు: ఇది పినాక కావచ్చు.
- ఆరు చక్రాలు, తేనెపట్టులా నలభై సన్న గొట్టాలు: అది గ్రాడ్.
- ఎనిమిది చక్రాలే, కానీ మరీ లావు గొట్టాలు పన్నెండు, పెట్టెలు లేకుండా ఒకే కట్టగా: అది 300 మిల్లీమీటర్ల రష్యా స్మెర్చ్. ఇదీ మన సైన్యంలో ఉంది.
- ఆరు చక్రాలు, ఒకే పెట్టె, ఆరు రాకెట్లు: అది అమెరికా హైమార్స్. ఉక్రెయిన్ యుద్ధం వార్తల్లో ఎక్కువగా కనిపించింది ఇదే.
- చీకట్లో మంటలు తప్ప బండి కనిపించకపోతే: ఏదో చెప్పలేం. 2025 మేలో వీడియో గేముల దృశ్యాలు కూడా యుద్ధం పేరుతో తిరిగాయి.

సైనికుల ఇళ్ళల్లో పాటించవలసినవి

ముప్పై ఏళ్ళు గుమాస్తా పని చేసినవాళ్ళం. సంతకం లేని కాగితం మీద పని జరగదు అన్నది మా పాత అలవాటు. ఎవరు చెప్పారో తెలియని సందేశం కూడా సంతకం లేని కాగితమే.

మీ అబ్బాయి ఏ రెజిమెంటులో ఉన్నాడో, ఎక్కడికి కదిలాడో ఎవరు అడిగినా చెప్పవద్దు. బంధువుల గ్రూపులో అసలే వద్దు. అతను యూనిఫారంలో దిగిన ఫోటో వెనక బండి కనిపిస్తుంటే స్టేటస్‌లో పెట్టవద్దు. సైనిక బండ్లు రోడ్డు మీద పోతుంటే వీడియో తీయవద్దు. సైనిక చర్యలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని 2025 ఏప్రిల్ 26న కేంద్ర ప్రభుత్వం ప్రసార సాధనాలకు సూచన ఇచ్చింది. టీవీవాళ్ళకు వర్తించే జాగ్రత్త మన ఫోనుకు వర్తించదా? శత్రువు రాడారు కనిపెట్టలేని బండిని మన వీధి గ్రూపు కనిపెట్టి చూపించకూడదు.

ఫోను రాకపోతే కంగారు పడవద్దు. అటువంటి రోజుల్లో ఫోన్లు వాడనివ్వకపోవడం మామూలే. యూనిట్ ఇచ్చిన నంబరు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నంబరు కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఆ తల్లికి ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు. రెండు మూడు సార్లు వచ్చారు. పిల్లవాడు అగ్నివీరుడు, నాలుగేళ్ళ కొలువు. నాలుగో వంతు మందికి మించి సైన్యంలో కొనసాగించరని ఆమెకు తెలుసు. యుద్ధం భయం ఒకటైతే, తిరిగి వచ్చాక ఏం చేస్తాడన్న దిగులు ఇంకోటి. హైడ్రాలిక్కులు, పెద్ద వాహనాల మరమ్మతు, రాడారు పరికరాల పని నేర్చినవాడికి బయట విలువ ఉంటుందని చెప్పాం. సర్టిఫికెట్లు జాగ్రత్తగా తీసి పెట్టుకొమ్మని అతనికి రాయించాం.

ఫిరంగి దళంలో, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మన పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మీ మీ సంఘాల్లో ఒక ఆదివారం కూర్చుని, చెప్పదగిన మేరకు పిల్లలకు ఆ పని గురించి చెప్పండి. పరీక్షలు ఎలా రాయాలో, శిక్షణలో కష్టం ఎంతో చెప్పండి. మా పఠనాలయంలో రెండుసార్లు అలా చేశాం. రెండోసారి ఆ తల్లి కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. గాలిని కొలిచే రాడారు సంగతి చెబుతుంటే, "మావాడు చేసేది గదే పనేమో" అని పక్కావిడతో అంటున్నారు. ఔనో కాదో మేము అడగలేదు. ఆమె కూడా ఇంకేమీ చెప్పలేదు.